ఒకటో నంబరు పాప

ఈ గోడ గడియారం ఏడు నిమిషాలు ముందు నడుస్తుంది. ఈ వరండాలో కూర్చుని ఎదురుచూసిన ప్రతివాళ్ళకీ ఆ సంగతి తెలుసు, లోపలున్న కమిటీ వాళ్ళకి తప్ప, వాళ్ళెప్పుడూ ఎదురుచూసి ఎరగరు కదా. ఇప్పుడది పదీ పన్నెండు అంటోంది, అంటే పదీ ఐదు, పదకొండింటికి పిలుస్తామన్నారు, నేను గంట ముందే వచ్చి కూర్చున్నాను, పాఠం చదవని పిల్ల ముందు బెంచీలో కూర్చున్నట్టు. కుర్చీకి ఒక కాలు పొట్టి. కదిలితే టకామంటుంది, అందుకని కదలకుండా కూర్చోవాలి. కిటికీ తెరిస్తే రోడ్డు మీద వాహనాల హోరు, మూస్తే ఉక్క, ఎవరో సగం తెరిచి మధ్యలో మడతపెట్టిన కాగితాలు ఇరికించారు. చూస్తే అది ఎవరిదో పరిశోధన నివేదిక, అట్ట మీద సగం అక్షరాలు కనిపిస్తున్నాయి. పోనీలే, ఒక నివేదికైనా జనానికి కాస్త గాలి ఇస్తోంది. నా నివేదిక నా ఒళ్ళో ఉంది, నూట నలభై పేజీలు. లోపలికెళ్ళాక నేను చెప్పాల్సింది నాలుగు ముక్కలు. చిక్కిపోయిన పిల్లలకి తిండి ఒక్కటే పెడితే చాలదు, దాంతోపాటు మూడు రోజులు పేగు జబ్బు మందు కూడా తాగిస్తే తొందరగా కోలుకుంటారు, ఏడేళ్ళు చూశాం, ఆరు కేంద్రాలు, రెండువేల నూట పద్దెనిమిది మంది పిల్లలు, ఇదిగో పట్టిక. అలా చెప్పి కూర్చుంటే చాలు, వచ్చే నెల నుంచి చిక్కిన ప్రతి పిల్లకీ ఆ మందు పోస్తారు. కాకపోతే ఆ పట్టిక తప్పు. నిన్న మధ్యాహ్నం మూడింటి నుంచి ఆ సంగతి నాకు తెలుసు, లోపలున్న ఐదుగురికీ తెలీదు.

మందు తప్పా అంటే కాదు, మంచి మందే, జబ్బున్న పిల్లకి ప్రాణం పోస్తుంది. అవసరం లేని పిల్లలకి లక్షల మందికి పోస్తే మాత్రం ఆ క్రిములు దానికి అలవాటుపడిపోతాయి, రేపు ఎవరో పిల్లకి నిజంగా ఊపిరితిత్తుల జబ్బు చేసి అదే మందు ఎక్కిస్తే అది పనిచెయ్యదు. ఈ మాట నేనే పాతికేళ్ళుగా కుర్ర డాక్టర్లకి పాఠం చెబుతున్నాను, బల్ల గుద్ది మరీ. మరి ఈ మందు పిచ్చి నాకెందుకు పట్టిందీ అంటే, ఎనిమిదో మంచం. నా ఉద్యోగం మొదటి ఏడు, వార్డులో కిటికీ పక్క మంచం, రెండేళ్ళ పిల్లాడు, పెట్టింది పెట్టినట్టు తినేవాడు, గిన్నె నాకేవాడు, ఇంకా అని చెయ్యి చాపేవాడు, తింటూ తింటూనే చిక్కిపోయాడు. చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టు. పేగుల్నిండా క్రిములు, తిన్నదంతా వాటికే. నాకప్పుడు ఆ సంగతి అందలేదు, ఇంకో గరిటె పెట్టండమ్మా అని వాళ్ళమ్మ మీద కసురుకున్నాను. నాలుగో రోజు పొద్దున్న వెళ్ళేసరికి మంచం మీద దుప్పటి మార్చేశారు. ఆవిడ గిన్నె కడుక్కుంటోంది పంపు దగ్గర. నేను మందుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను, బయటికొచ్చి మిగతా పదకొండు మంచాలూ చూశాను. ఇప్పటికీ ఆ పంపు చప్పుడు చెవుల్లో ఉంది, గిన్నెలో నీళ్ళు పడే చప్పుడు. ఆ గిన్నె ఆవిడ ఎందుకు అంత శుభ్రంగా కడిగిందో నాకు తెలీదు.

అటెండరు వచ్చి, మేడం టీ తెమ్మంటారా, లోపల వాళ్ళకి రెండోసారి ఇచ్చేశాను అన్నాడు. అంటే లోపల పని నత్తనడకేనన్నమాట. వద్దన్నాను. కదిలితే కుర్చీ టకామంది. సంచీలో చెయ్యి పెడితే టేపు తగిలింది. పొద్దున్న మా కేంద్రంలో పిల్లల్ని కొలిచే టేపక్క దగ్గర్నుంచి అడిగి తెచ్చుకున్నాను, వేలెడు వెడల్పు ప్లాస్టిక్ పట్టీ, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. బతుకంతా పుస్తకాలు చదివి చివరికి నేను ఆధారపడింది ఈ పట్టీ మీద. పిల్ల ఎడమ చేతిని వేలాడనిచ్చి, భుజానికీ మోచేతికీ నడిమధ్యన చుట్టి, చిల్లులోంచి దూర్చి, చిన్న కిటికీలో కనిపించే అంకె చదవాలి. పదకొండున్నర సెంటీమీటర్లకి తగ్గితే ఎరుపు, పిల్ల చిక్కిపోయినట్టు లెక్క, చేర్చుకోవాలి. పన్నెండున్నరకి చేరితే కోలుకున్నట్టు, ఇంటికి పంపెయ్యాలి. నియమం ఒక్కటే, టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. అంకెని ఫారంలో రాయాలి. ఫారం తయారుచేసింది నేనే, పదకొండు గడులు, ఒక్కో గడి కోసం ఒక్కో రోజు కొట్టుకున్నాం. చివరి గడి 'ఇతర కారణం'. కొలత సరిపోకపోయినా పిల్లని చూస్తే డాక్టరుకి భయమేస్తే అక్కడ ఒక ముక్క రాసి తిండి ఇచ్చెయ్యొచ్చు, కాకపోతే ఆ పిల్లని అధ్యయనం లెక్కలో కలపకూడదు. ఏడేళ్ళలో ఆ గడి ఒక్కసారి కూడా నిండలేదు. ఫారాలు అచ్చువేసే ఆయన అడిగాడు కూడా, ఈ గడి దండగ కదండీ డాక్టరుగారూ, తీసేస్తే మిగతా అక్షరాలు కాస్త పెద్దవి చేస్తానని. ఉండనివ్వండి, అందంగా ఉంది అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయిన రోజులవి.

నిన్న మధ్యాహ్నం నేను వెతుకుతున్నది తప్పుని కాదు, బొమ్మని. కమిటీకి చూపించడానికి కంటికి ఇంపుగా ఒక బొమ్మ కావాలి కదా, కొలతకి వచ్చిన పిల్లలందరివీ, చేరినా చేరకపోయినా, చేతి కొలతలు ఎలా ఉన్నాయో గీతల్లో వేద్దామని కూర్చున్నాను. మందు ఇవ్వని మూడు కేంద్రాల్లో గీత బుద్ధిగా ఉంది, కాస్త ఎక్కుతూ కాస్త దిగుతూ. మందు ఇచ్చిన మూడు కేంద్రాల్లో పదకొండుం పావు దాటాక, పదకొండు పాయింటు నాలుగు దగ్గర గుట్ట. ఆ పక్కనే, ఐదు, ఆరు, ఏడు ఉండాల్సిన చోట గొయ్యి. దేవుడు పిల్లల చేతుల్ని అలా చెయ్యడు. గొయ్యిలో ఉండాల్సిన పిల్లలంతా గుట్ట మీదికి ఎలా ఎక్కారు? బరువులు చూశాను. టేపు అబద్ధమాడొచ్చు, బరువు యంత్రం ఆడదు, దానికి మొహమాటం లేదు. అదే కొలత ఉన్న పిల్లలు నా మూడు కేంద్రాల్లో పావు కిలో ఎక్కువ బరువున్నారు. అంటే నా దగ్గర చేరినవాళ్ళలో చాలామంది అంత చిక్కినవాళ్ళు కాదు, గట్టు మీద ఉన్నవాళ్ళు, మందు పోసినా పొయ్యకపోయినా తిండితోనే కోలుకునేవాళ్ళు. వాళ్ళని తీసేసి మళ్ళీ లెక్క వేశాను. నూటికి ఎనభై ఒక్కమంది కోలుకున్నారని గొప్పగా రాసుకున్నది అరవై ఆరుకి దిగింది. మందు లేని చోట అరవై నాలుగు. కొండను తవ్వి ఎలుకని పట్టడం అంటారు, నేను ఎలుకని కూడా పట్టలేదు. మొదట నాకు కోపమొచ్చింది, దుఃఖం తర్వాతొచ్చింది. ఎవరు, ఏ చెయ్యి, ఎవరు బిగించారు టేపు?

మందు లేని మూడు కేంద్రాల్లో కొలతలు నేర్పింది మా చిన్న డాక్టరు. మేమంతా అతన్ని రూళ్ళకర్ర అంటాం, మొహం మీదే, నవ్వి ఊరుకుంటాడు. శిక్షణ రోజున అతను నియమాల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివించి, ప్రతివాళ్ళ చేతా ఒకే పిల్లని పదిసార్లు కొలిపించి, తేడా వస్తే మళ్ళీ మొదటికి. పాపం ఆ నర్సులు సాయంత్రానికి నీరసించిపోయారట. నేను ఎగతాళి చేశాను, ఏమయ్యా, పిల్లని కొలవడం నేర్పావా, వాళ్ళ ఓపికని కొలిచావా అని. నా మూడు కేంద్రాల్లో నేను పుస్తకం తెరవలేదు. ఒక్క పిల్లని కొలిచి చూపించాను, ఇలా అన్నాను, అయిపోయింది, గంటలో టీ తాగాం. చేత్తో చేసేది చూసి నేర్చుకోవాలి, చదివి కాదు అని ఉపన్యాసం కూడా దంచాను. ఇప్పుడు అతని అంకెలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. మొన్న సోమవారం అతను వచ్చి తలుపు దగ్గరే నిలబడి, మేడం, పదహారో పేజీ ఒకసారి తీరిగ్గా చూస్తారా అన్నాడు, చూస్తాలేవయ్యా అన్నాను, అతను మరేదో అనబోయి వెళ్ళిపోయాడు. పదహారో పేజీలోనే ఉన్నాయి మొదటిసారి తీసిన ఆ కొలతలన్నీ. అంటే అతనికి ముందే తెలుసు. నాకు తెలియనివ్వడం కోసం తలుపు దగ్గర నిలబడ్డాడు. అతన్ని ఎన్ని మాటలన్నానో అన్నీ ఒకటొకటిగా గుర్తొస్తున్నాయి.

పొద్దున్న ఎనిమిదింటికే కేంద్రానికి వెళ్ళాను. ఇంకా బెంచీలు తుడుస్తున్నారు. టేపక్క వచ్చింది, మెడలో టేపు, చేతిలో టిఫిను డబ్బా. ఏడేళ్ళుగా మొదటి కేంద్రంలో కొలతలు తనవే, మిగతా రెంటిలో తర్వాత చేరినవాళ్ళకి నేర్పిందీ తనే. టేపుని పిల్ల చేతికి చుట్టే ముందు రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దుతుంది, చల్లగా తగిలితే పిల్లలు ఉలిక్కిపడతారని. ఏ పుస్తకంలోనూ లేదు ఆ నియమం. తన దగ్గర పిల్లలు ఏడవరు. ఒక పిల్లని కొలువక్కా, చూస్తాను అన్నాను. కొలిచింది. చివర్లో వేలితో చిన్నగా లాగింది, ఇంతే, కనీ కనిపించనట్టు. తీశాక పిల్ల చేతి మీద సన్నటి గీత. కాస్త వదులుగా పెడితే ఏం అన్నాను. నవ్వింది. “వదులుగా పెడితే జారిపోదూ? మీరు నేర్పిందే కదా మేడం, చివర్లో కాస్త లాగాలని.”

“నేనెప్పుడన్నానమ్మా అలా?”

“అనలేదు. చూపించారు. మొదటి రోజు, ఆ టైలరమ్మ కూతురికి.” అని, మళ్ళీ తనే, “ఏం మేడం, తప్పు చేశానా?” అంది. మొహం ఇంత చేసుకుంది. నేను లేదులే అన్నాను. లేదులే అని ఎందుకన్నానో నాకే తెలీదు, నోటికొచ్చింది అన్నాను. ఈ టేపు ఒకసారి ఇవ్వు, సాయంత్రం తెచ్చిస్తాను అంటే, వంద టేపులున్నాయి కదా మేడం, అదే ఎందుకు, అది నా చేతికి అలవాటైంది అంటూనే మెడలోంచి తీసి ఇచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది.

గడియారం పదీ ముప్ఫై ఐదు, అంటే పదీ ఇరవై ఎనిమిది. ఫోను వణికింది. రూళ్ళకర్ర. “మేడం, మీ ఇష్టం. పనికొస్తే వాడుకోండి” అని, కింద ఒకే వాక్యం. 'మూడు కేంద్రాల్లో క్షేత్ర సిబ్బంది కొలతల్లో దొర్లిన పొరపాట్ల వల్ల ఫలితాలను మరోసారి పరిశీలించవలసి ఉన్నది.' చక్కటి వాక్యం. ఇందులో ఎవరి పేరూ లేదు. పొరపాట్లు వాటంతటవే దొర్లాయి, గుట్ట మీద రాళ్ళలాగా. నేను ఈ వాక్యం చదివితే కమిటీ తల ఊపుతుంది, పాపం సిబ్బందితో వచ్చే తంటాలు మాకు తెలియనివా అంటారు, ఇంకో ఏడాది గడువిస్తారు, నా పేరు చెక్కుచెదరదు. మూడు కేంద్రాల్లో కొలిచేవాళ్ళని మారుస్తారు. అందులో ఎవరుంటారో రూళ్ళకర్రకి తట్టి ఉండదు, అతను మంచివాడు, నన్ను కాపాడాలనే చూశాడు. టేపక్క ఉద్యోగం ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగం, ఒక్క కాగితం మీద 'పొరపాటు' అని పడితే చాలు. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ తలా పిడికెడు కూడా కాదు, మొత్తం మూట తీసుకెళ్ళి ఆవిడ నెత్తిన పెట్టడమే. ఆవిడ అడుగుతుంది, నేను మీరు చూపించినట్టే చేశాను కదా అని. ఎవరినడుగుతుంది? ఈ గదిలోకి ఆవిడని రానివ్వరు. నేనే లోపల ఉంటాను.

నిన్న సాయంత్రం మా ఆయనతో చెప్పాను. ఆయన కారు నడపడం నేర్పుతాడు, ముప్ఫై ఏళ్ళుగా, ఎదుటివాళ్ళు చేసే తప్పులకి కాలికింద బ్రేకు పెట్టుకుని బతికిన మనిషి. అంతా విని, “ఎంత తేడా?” అన్నాడు. మూడు మిల్లీమీటర్లన్నాను. “ఓసి, మూడు మిల్లీమీటర్లకే అన్నం మానేశావా?” అని, “నా దగ్గర నేర్చుకున్నవాళ్ళని రోడ్డు మీద ఇట్టే పట్టేస్తాను, తెలుసా” అన్నాడు. ఎలా అంటే, మోచెయ్యి కిటికీ బయట పెట్టి నడుపుతారట. రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచండి అని అరిచి చెబుతాడు, వాళ్ళు తలూపుతారు, తీరా రోడ్డెక్కాక మోచెయ్యి బయట. ఎందుకంటే ఆయన మోచెయ్యి ఎప్పుడూ బయటే. “ఏం చేశావు మరి?” అన్నాను. “ఏం చేస్తాను, చెయ్యి లోపల పెట్టుకుంటున్నాను, ఇప్పటికి నాలుగు వేలమంది తిరుగుతున్నారు” అన్నాడు. నవ్వొచ్చింది. తర్వాత పెరుగు కలిపి గిన్నె నా ముందుకి తోశాడు, తిన్నాను.

మొదటి రోజు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఒకేలా వస్తుంది, అంత ఒకేలా రావడమే అనుమానించాల్సింది, నిజంగా జరిగినవి కాస్త అటూ ఇటూ అవుతాయి. కొత్త సున్నం వాసన, గుమ్మానికి రిబ్బను, పెద్ద ఆఫీసరుగారికి చేతులున్న కుర్చీ, ఫొటోలు తీసే అతను. నర్సులందరూ ఉతికిన బట్టల్లో వరసగా నిలబడి నా చేతులకేసి చూస్తున్నారు. పదైంది, పదకొండైంది, పిల్ల అన్నది లేదు. సూదులేసి రక్తం లాగేస్తారని ఎవరో పుకారు పుట్టించారట. ఆఫీసరుగారు గడియారం చూసుకుని, ఏమ్మా డాక్టరమ్మా, పిల్లలే లేనట్టుందే మీ పిల్లల కేంద్రంలో అన్నాడు, అందరూ నవ్వారు. అప్పుడొచ్చింది ఆవిడ, ఎదురు వీధిలో బట్టలు కుట్టే ఆవిడ, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, మెడలో తన టేపు అలాగే వేలాడుతోంది, చంకలో పద్నాలుగు నెలల పిల్ల. పిల్ల నా వేలు పట్టుకుంది. కళ్ళు పెద్దవి, పొట్ట ముందుకి, ఆకలిగా చూసే చూపు. టేపు చుట్టాను. పదకొండు పాయింటు ఏడు. ఎరుపు కాదు. రెండు మిల్లీమీటర్లు పైన, చేర్చుకోవడానికి లేదు. ఆ తల్లి నా మొహంలోకి చూస్తోంది. నేను వేలితో లాగాను, చిన్నగా. పదకొండు పాయింటు నాలుగు అని పైకి చదివాను. ఆదిలోనే హంసపాదు. పిల్ల ఏడవలేదు, నా వేలు వదల్లేదు. జాలేసింది నాకు, ఎనిమిదో మంచం గుర్తొచ్చింది, ఏ తల్లి మొహం చూసినా ఆ గిన్నె కడిగే ఆవిడే కనిపించేది ఆ రోజుల్లో, అందుకని లాగాను. ఇన్నేళ్ళుగా ఇలాగే చెప్పుకున్నాను, నాకు నేను. ఆ పిల్ల ఫొటోయే ఈ నివేదికకి మొదటి బొమ్మ, చేరినప్పుడొకటి, ఎనిమిది వారాల తర్వాతొకటి, బుగ్గలొచ్చి. ఒకటో నంబరు పాప. ఈ ఊళ్ళో సగంమంది డాక్టర్లకి ఆ పాప తెలుసు.

ఉక్క పోస్తోంది, కోటు విప్పేద్దామా అనుకుని మళ్ళీ ఊరుకున్నాను. ఈ కోటు కుట్టింది ఆ టైలరమ్మే. పిల్ల కోలుకుని వెళ్ళిపోయాక కొన్ని నెలలకి పొట్లాం పట్టుకొచ్చింది, తెల్ల కోటు. నా కొలతలు నువ్వెప్పుడు తీశావమ్మా అన్నాను. “తియ్యలేదు డాక్టరమ్మా, కంటితో చూసి కుట్టేశాను. చంకల దగ్గర ఒక వేలు వదులుంచాను. టేపు బిగించి కొలిస్తే ఆ బట్ట మనిషికి పట్టదు, రెండు రోజుల్లో కుట్లు తెగిపోతాయి” అంది. అబ్బో, నీ పని నీకు బాగా తెలుసే అన్నాను. “మీ పని మీకు తెలుసు కదా” అంది. నేను నవ్వాను, ఆవిడా నవ్వింది. బట్టల కబురు అనుకున్నాను. బట్టల కబురు! పదహారేళ్ళుగా రోజూ యాభైమందిని కొలిచే మనిషి, మెడలో టేపు వేసుకుని నా ఎదురుగా నిలబడ్డ మనిషి, నా వేలు లాగడం చూడకుండా ఉంటుందా? అంతమంది నర్సులూ ఆఫీసర్లూ ఉన్న గదిలో కొలత తెలిసింది ఒక్కావిడకి, ఆవిడ చూసింది, పిల్ల చొక్కా చెయ్యి కిందికి లాగి ఊరుకుంది. తర్వాత కోటు కుట్టి తెచ్చింది, అందులో ఒక వేలు వదులుంచింది. నాకు ఇప్పుడు, ఈ పొట్టికాలు కుర్చీలో, మెడ దగ్గర చెమట పడుతోంది. సిగ్గేస్తోంది, పేరు పెట్టడానికి వేరే మాటేం లేదు, సిగ్గే. ఆ పిల్ల పోయినేడు మోకాలు గీరుకుపోయి వచ్చింది, ఏడేళ్ళ పిల్ల, అయోడిను వద్దని గోల, కేంద్రం గోడ మీద తన ఫొటో చూసి, అది నేనేనా, ఛీ, ఎంత బక్కగా ఉన్నానో అంది. అంత బక్కగా లేవమ్మా అనాలి నేను. తడిగుడ్డతో తుడిచి కట్టు కట్టి పంపాను.

టేపు నా చేతికే చుట్టుకుని చూశాను, కోటు మీద నుంచే. లాగితే ఎంతకైనా వస్తుంది, ఒక వేలు చాలు, బలమేమీ అక్కర్లేదు. ఎదురుగా అటెండరు చూస్తున్నాడు, ఏం మేడం చొక్కా కుట్టించుకుంటారా అన్నాడు. అవునయ్యా అన్నాను. అతని బల్ల మీద సందర్శకుల పుస్తకం, గడులు గడులుగా, పేరు, సమయం, ఎవరికోసం, చివర్న 'ఇతర వివరాలు', పై నుంచి కిందిదాకా ఖాళీ. నా పదకొండో గడి గుర్తొచ్చింది. అది ఆ రోజు కూడా ఉంది. కొత్త ఫారం, నా చేతిలోనే ఉంది, నేను గీయించిన గడి. ఆ పిల్లకి ఆ గడిలో ఒక ముక్క రాసి తిండి ఇచ్చెయ్యొచ్చు, టేపు ముట్టుకోనక్కర్లేదు, పదకొండు పాయింటు ఏడు అని ఉన్నది ఉన్నట్టు చదవొచ్చు, పిల్లకి గరిటెడు కూడా తగ్గదు. కాకపోతే లెక్కలో కలవదు. నాకు ఆ గడి తెలీదా? నిన్నగాక మొన్న అచ్చేసిన గడి. మరి నేను ఎందుకు, అనుకుంటూ అక్కడే ఆగిపోయాను, కుర్చీ టకామంది, అటెండరు లేచి తలుపు తీసి, “మేడం, రమ్మంటున్నారు” అన్నాడు. గడియారం పదకొండు గంటల ఏడు నిమిషాలు.

లోపల చల్లగా ఉంది. గుండ్రటి బల్ల, ఐదుగురు, నడిమధ్యన మా పాత మాస్టారు, నాకు పాఠాలు చెప్పినాయన, ఇప్పటికీ నన్ను అమ్మాయ్ అనే పిలుస్తాడు, జుట్టంతా నెరిసినా. తెర మీద అప్పటికే నా మొదటి బొమ్మ వేసి ఉంచారు, ఒకటో నంబరు పాప, బక్కగా ఒకసారి, బుగ్గలతో ఒకసారి. నువ్వు కూర్చునే చెప్పమ్మాయ్, ఇది నీ రోజు అన్నాడాయన. నేను కూర్చోలేదు. టేపు తీసి బల్ల మీద పెట్టాను. పదహారో పేజీ తియ్యమన్నాను, గుట్ట చూపించాను, గొయ్యి చూపించాను, బరువులు చెప్పాను, అరవై ఆరు, అరవై నాలుగు. మందు పనిచేసిందని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదని చెప్పాను. ఎవరో దగ్గారు. ఒకాయన, సిబ్బంది ఎవరండీ అక్కడ అని కలం తీశాడు. సిబ్బంది తప్పు లేదు, వాళ్ళు నేను నేర్పినట్టే ఏడేళ్ళూ కొలిచారు, మొదట లాగిన వేలు నాది, ఈ పిల్ల చేతి మీదే, అని తెర చూపించాను. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన మొహంలో ప్రేమ కనిపించింది, అది చూసి నాకు భయమేసింది. “జాలిపడ్డావమ్మా,” అన్నాడు, “పిల్ల ఆకలి చూసి చెయ్యి ఆగలేదు. ఎవరమైనా అదే చేస్తాం. అలాగే రాద్దాం.” మిగతా నలుగురూ తలలూపారు. రూళ్ళకర్ర వాక్యంకంటే ఇది ఇంకా చక్కటిది, ఊరికే ఊఁ అంటే చాలు.

“జాలి కాదు మాస్టారూ,” అన్నాను. “జాలైతే పదకొండో గడి ఉంది, అందులో రాసేదాన్ని, పిల్లకి తిండి దొరికేది. ఆఫీసరు కూర్చున్నాడు, ఫొటో తీసే అతను నిలబడ్డాడు, పొద్దెక్కిపోతోంది, ఒక్క పిల్లా లేదు. ఆ రోజు నాకు ఒకటో నంబరు కావాలి. అది రాసుకోండి.”